రంగు వెలిసిన తరువాత

2023 జూలై 24వ తేదీ సాయంకాలం ఫ్లారిడా రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న ఒక ఉష్ణమాపకం ప్రపంచ వార్తలకెక్కింది. మయామీ నగరానికి దక్షిణాన, ఎవర్‌గ్లేడ్స్ జాతీయోద్యానపు అంచున, కీ లార్గో దీవికి సమీపంలో మెనటీ బే అనే చిన్న అఖాతం ఉంది. అక్కడి నీటిలో నిలిపిన మాపకం ఆనాడు 101.1 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 38.4 డిగ్రీల సెల్సియస్ చూపింది. ఆరోగ్యవంతుడైన మనిషి ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారెన్‌హీటు మాత్రమే. చంటిబిడ్డ స్నానానికి తల్లి చన్నీళ్ళు కలిపి సిద్ధం చేసే వేణ్ణీళ్ళ వేడికి సముద్రపు నీరు చేరుకున్నదన్నమాట.

ఈ ఒక్క అంకెను మహాసముద్రమంతటికీ అన్వయించడం న్యాయం కాదు. మెనటీ బే లోతు తక్కువ, అడుగున నల్లని బురద, చుట్టూ నేల. అటువంటి చోట ఎండ వేడిమి నీటికి త్వరగా ఎక్కుతుంది. సంశయవాదులు ఆనాడే ఈ మాట అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని అదే వేసవిలో, అఖాతాలు దాటి బయటి సముద్రంలో ఉన్న పగడపు దిబ్బల మీద కూడ నీరు వారాల తరబడి వాటి సహనపు హద్దును దాటి వేడెక్కింది. సోంబ్రెరో రీఫ్ వంటి చోట్ల పగడాలు కొద్ది రోజులలోనే తెల్లబారి మరణించాయి.

పగడాల గోడు పత్రికలలో వచ్చింది. అవే తీరాలలో మడ చెట్ల చెంత, పగడాల వలెనే తన ఒంటిలో నాచును పెంచుకుంటూ బ్రతికే మరొక ప్రాణి సంగతి అంతగా రాలేదు. దాని పేరు కాసియోపియా. అది ఒక జెల్లీ చేప. వేడికి దాని రంగు కూడ వెలిసిపోతుంది. అయినా అది పగడం వలె అంత సులభంగా నశించదు. ఈ తారతమ్యంలోనే ఒక ముఖ్యమైన పాఠం ఉంది. రంగు వెలిసిపోవడం ఒక్కటే వినాశం కాదు. వెలిసిన తరువాత తిరిగి రావడానికి దారి ఉన్నదా, ఆ దారి నడవడానికి వ్యవధి దొరుకుతున్నదా అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నను విస్మరించి, జెల్లీ చేప బ్రతికింది గనుక ప్రకృతి తన సంగతి తాను చూసుకుంటుందని ధైర్యం చెప్పుకోవడం పెద్ద పొరపాటు.

తలకిందుల జీవి

విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో సముద్రపు ఒడ్డున నడిచినవారికి జెల్లీ చేపలు కొత్త కాదు. అలలు ఒడ్డుకు తోసిన గాజు గొడుగుల వంటి ఆ ముద్దలను ముట్టుకోవద్దని పెద్దలు పిల్లలను హెచ్చరించడమూ పరిపాటే. పేరుకు చేపే గాని దానికి ఎముక లేదు, రక్తం లేదు, మెదడు లేదు. సాధారణమైన జెల్లీ చేప గొడుగును పైకి పెట్టి, చేతులు కిందికి వేలాడదీసి నీటిలో తేలుతూ పోతుంది.

కాసియోపియా పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. అది గొడుగును బురద మీద ఆనించి, చేతులు పైకి చాచి, వెల్లకిల పడుకుని ఉంటుంది. ఫ్లారిడా కీస్ దీవులలోను, కరీబియన్ తీరాలలోను మడ అడవుల మధ్య నిలకడగా ఉండే లోతులేని నీటిలో ఇవి గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. పైనుండి చూసినవారు వాటిని గోధుమ, ఆకుపచ్చ, నీలి ఛాయలు గల నీటి మొక్కలని పొరబడతారు. పళ్ళెమంత వెడల్పు గల గొడుగు ఉండి ఉండి ముడుచుకుని విచ్చుకుంటుంది. ఆ కదలికతో అడుగున ఉన్న నీరు, అందులోని పోషక లవణాలతో సహా పైకి వస్తుంది. 2017లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఈ జీవి రాత్రివేళ నిద్రను పోలిన స్థితిలోకి వెళుతుందని చూపించారు. మెదడు లేని జీవికి కూడ నిద్ర ఉండవచ్చునన్న సంగతి ఆనాడు జీవశాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచింది.

ఇంతకూ ఈ జీవి వెల్లకిల ఎందుకు పడుకుంటుంది? ఎండ కోసం. దాని చేతులలో, గొడుగు లోపలి కణాలలో లక్షలాది ఏకకణ శైవలాలు, అనగా కంటికి కనిపించని నాచు, నివసిస్తాయి. ఒక్కొక్క కణం వెడల్పు మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు. ఈ నాచును 1962లో హ్యూగో ఫ్రాయిడెంథాల్ అనే శాస్త్రజ్ఞుడు సింబయోడినియం అనే పేరుతో వర్ణించారు. ఆయన దానిని వేరు చేసి తీసినది పగడం నుండి కాదు, కాసియోపియా నుండే. ఈనాడు పగడపు దిబ్బల గురించి వెలువడే ప్రతి పరిశోధనలోను వినిపించే ఆ పేరు ఈ బురద జీవి పుణ్యమే.

ఇద్దరి కాపురం

జెల్లీ చేప నాచుకు నీడ, రక్షణ, తన శరీరం విసర్జించే నత్రజని లవణాలు, కార్బన్ డయాక్సైడు ఇస్తుంది. నాచు వెలుగును పట్టి కిరణజన్య సంయోగక్రియ ద్వారా చక్కెరలు, కొవ్వులు తయారు చేసి, అందులో అధికభాగం ఆతిథ్యమిచ్చిన జీవికి అప్పగిస్తుంది. ఎండ బాగా ఉన్న రోజులలో కాసియోపియా శ్వాసక్రియకు కావలసిన కర్బనమంతా నాచు నుండే సమకూరుతుంది. ఆపైన కొంత మిగులుతుంది కూడ. అయినా అది ఆ ఒక్క వంటవాడినే నమ్ముకుని కూర్చోదు. నీటిలో కొట్టుకువచ్చే సూక్ష్మజీవులను పట్టి తింటుంది. ఈ రెండవ జీవనోపాధి ఎంత విలువైనదో కష్టకాలంలో తెలుస్తుంది.

మరొక విశేషం. తల్లి జెల్లీ చేప నుండి పిల్లకు నాచు సంక్రమించదు. గ్రుడ్డులో అది ఉండదు. ఈదే పిల్లలోనూ ఉండదు. ప్రతి తరమూ తన చుట్టూ ఉన్న నీటి నుండి దానిని వెదకి తెచ్చుకోవలసిందే. పరాయి దేశంలో పిల్లలకు మాతృభాష నేర్పడానికి పాటుపడే తల్లిదండ్రులకు ఈ సంగతి వింతగా తోచదు.

వేడి చేసే పని

ఇంత చక్కని కాపురం వేడికి ఎందుకు చెడుతుంది? ఇందుకు సమాధానం రసాయనశాస్త్రంలో ఉంది. నాచు కణంలో వెలుగు పడినప్పుడు నీటి అణువు చీలి ఆమ్లజని, ఎలెక్ట్రానులు వెలువడతాయి. ఊరిలో ఇల్లు అంటుకున్నప్పుడు బావి నుండి మంట వరకు మనుషులు వరుసగా నిలబడి బిందెలు అందించుకుంటారు. ఎలెక్ట్రానులు కూడ అదే విధంగా ఒక అణువు నుండి మరొక అణువుకు చేరి, చివరకు కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే పనికి వినియోగపడతాయి. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు వరుస చివర ఉన్నవారి చేతులు మందగిస్తాయి. వరుస మొదట ఉండే డి1 అనే మాంసకృత్తు వెలుగు తాకిడికి నిత్యం దెబ్బ తింటూ, నిత్యం మరమ్మతు అవుతూ ఉంటుంది; వేడిలో ఆ మరమ్మతు కూడ వెనుకబడుతుంది. కాని సూర్యుడు ఆగడు గదా. బిందెలు వస్తూనే ఉంటాయి. అందుకునే చేతులు లేక నీరు దారిలోనే ఒలికిపోతుంది.

అలా ఒలికిన ఎలెక్ట్రానులు ఆమ్లజనిని అంటుకుని సూపర్ ఆక్సైడ్ అనే తీవ్రమైన పదార్థాన్ని పుట్టిస్తాయి. దాని నుండి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దీనికి విద్యుదావేశం లేదు గనుక కణపు పొరలను సులువుగా దాటి ఆతిథ్యమిచ్చిన జీవి కణాలలోకి చొరబడగలదు. అక్కడ ఇనుము తగిలితే అంతకంటె ప్రమాదకరమైన హైడ్రాక్సిల్ రాడికల్ తయారై, కొవ్వులను, మాంసకృత్తులను, డి.ఎన్.ఏ.ను కూడ దెబ్బ తీస్తుంది. వీటిని అణచే ఎంజైములు రెండు జీవులలోను ఉన్నాయి. కాని ఉత్పత్తి వాటి శక్తిని మించినప్పుడు కాపురం విడిపోతుంది. జీవి నాచును బయటకు నెట్టివేస్తుంది, లేదా అరిగించుకుంటుంది. కొన్ని సందర్భాలలో నాచును మోసే కణాలే చనిపోతాయి. గోధుమవన్నె పోయి పారదర్శకమైన శరీరం మిగులుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు వివర్ణత అంటారు.

ఇది దశాబ్దాలుగా ప్రచారంలో ఉన్న వివరణ. ఇది తప్పు కాదు, కాని సంపూర్ణమూ కాదని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. ఎర్రసముద్రపు పగడాలపై జరిగి 2021లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం, రంగు వెలియడానికి ముందే లెక్కలు తారుమారు అవుతాయి. వేడికి ఆతిథ్య జీవి ఆకలి పెరిగి, అది తన మాంసకృత్తులనే ఇంధనంగా కాల్చుకుంటుంది. అందువలన విడుదలయ్యే నత్రజనిని నాచు తన పెరుగుదలకు వాడుకుని, చక్కెరను అప్పగించడం తగ్గిస్తుంది. పాలివాడు పంటంతా తానే ఉంచుకున్నట్టు. బయటికి రంగు నిండుగా కనిపిస్తున్నా, లోపల ఆకలి మొదలై ఉంటుంది. కంటికి కనిపించే తెలుపు వ్యాధికి ఆరంభం కాదు; అది ముదిరిన తరువాతి లక్షణం.

జెల్లీ చేపకు ఉన్న దారి

నాచును పోగొట్టుకున్న కాసియోపియాకు కూడ నష్టం తప్పదు. ఆహారం చాలక శరీరం కుంచించుకుపోతుంది, బరువు తగ్గుతుంది. అయితే దానికి మూడు ఆసరాలున్నాయి. మొదటిది, అది కదలగలదు. వేడెక్కిన చోటు వదలి కొంత దూరమైనా పోగలదు. రెండవది, నోటికి అందిన ఆహారంతో కొంతకాలం నెట్టుకురాగలదు. మూడవది అన్నిటికంటె గొప్పది: దాని జీవితచక్రంలో నాచు అవసరం లేని ఒక దశ ఉంది.

జెల్లీ చేప పిల్ల మొదట ఈదుకుంటూ పోయి, నీటిలో కుళ్ళుతున్న మడ ఆకుల మీద కుదురుకుంటుంది. ఆకు నుండి వెలువడే రసాయన సంకేతాలే దానికి చిరునామా. అక్కడ అది కొద్ది మిల్లీమీటర్ల పొడవు గల చిన్న కాడగా, అనగా పాలిప్‌గా మారుతుంది. పాలిప్ నాచు లేకుండానే సూక్ష్మజీవులను తిని బ్రతకగలదు. మొగ్గలు తొడిగి తనవంటి పాలిప్‌లను మరికొన్నిటిని పుట్టించగలదు. తగిన నాచు దొరికి, నీటి వేడి అనుకూలించినప్పుడు దాని కొస విడివడి బుల్లి జెల్లీ చేపగా ఈదుకుంటూ పోతుంది. నాచు దొరకకపోతే సాధారణంగా ఆ మార్పు జరగదు. పాలిప్ పాలిప్‌గానే వేచి ఉంటుంది. ఇది రైతు విత్తనపు గాదె వంటిది. పైరు ఎండినా గాదెలో గింజ ఉంటే మరుసటి ఏడు మిగిలి ఉంటుంది.

ఈ గాదె బలం ఎంతటిదో పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దేశం చూపింది. అమెరికాతో ప్రత్యేక ఒడంబడిక గల ఆ చిన్న దేశంలో జెల్లీ చేపల సరస్సు అనే ప్రసిద్ధ ఉప్పునీటి సరస్సు ఉంది. అందులో కాసియోపియాకు దాయాది అయిన మాస్టిజియాస్ అనే బంగారువన్నె జెల్లీ చేపలు లక్షల సంఖ్యలో ఉండేవి. ఇవీ నాచును పెంచుకునేవే. 1997–98 ఎల్ నిన్యో కాలపు మార్పులతో సరస్సు నీరు వేడెక్కగా అవి దాదాపు పూర్తిగా అదృశ్యమయ్యాయి. అంతటితో ఆ సరస్సు కథ ముగిసిందనిపించింది. కాని అడుగున పాలిప్‌లు బ్రతికే ఉన్నాయి. ఏడాది రెండేళ్ళలో జెల్లీ చేపలు మళ్ళీ కనిపించాయి. మరికొన్ని ఏళ్ళకు సరస్సు మళ్ళీ నిండింది. 2016లో కరవు వలన రెండవసారి క్షీణించినా, ఆ తరువాత మళ్ళీ కోలుకున్నాయి.

పగడానికి కొరవడిన వ్యవధి

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక మాట చెప్పాలి. నల్లపూసల మధ్య గ్రుచ్చుకునే పగడం, కుజదోషానికని ఉంగరంలో పొదిగించుకునే పగడం ఈ కథలోని పగడం కాదు. ఆ ఎర్ర పగడం వెలుగు తక్కువైన చోట పెరుగుతుంది. దానిలో నాచు ఉండదు. వేడికి వెలిసిపోయేవి దిబ్బలు కట్టే పగడాలు. అవి తమకు కావలసిన శక్తిలో అధికభాగాన్ని నాచు నుండి పొంది, ఆ బలంతో సున్నపురాయిని పేర్చి, వేల సంవత్సరాలలో సముద్రంలో కోటలు కడతాయి.

నాచు పోయిన పగడం వెంటనే చనిపోదు. నీరు కొద్ది వారాలలో చల్లబడితే కోలుకుంటుంది కూడ. కాని అది కదలలేదు. దాని కొవ్వు నిలవలు త్వరలోనే తరిగిపోతాయి. జెల్లీ చేపకు వలె నాచు లేకుండా వేచి ఉండే దశ కట్టిన దిబ్బకు లేదు. కనుక దానికి ఉన్న ఏకైక ఆధారం వ్యవధి. ఒక వేడికి మరొక వేడికి మధ్య కోలుకోవడానికి కొన్ని సంవత్సరాల గడువు కావాలి. ఫ్లారిడా దిబ్బలు 1983, 1987, 1997–98, 2005, 2014–15 సంవత్సరాలలో దెబ్బ మీద దెబ్బ తిన్నాయి. 2023లో తగిలినది అన్నిటినీ మించినది. కీస్ దీవులను, డ్రై టోర్టుగాస్‌ను కలిపి పరిశీలించి 2025 అక్టోబరులో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడి జింకకొమ్ము, దుప్పికొమ్ము పగడాలలో 97.8 నుండి 100 శాతం వరకు మరణించాయి. దిబ్బను కట్టే శక్తిగా ఆ రెండు జాతులు ఫ్లారిడాలో అంతరించినట్లేనని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ప్రపంచవ్యాప్తంగా నాలుగవ వివర్ణత సాగుతున్నదని అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది.

తప్పు ధైర్యం

జెల్లీ చేపలు బ్రతుకుతున్నాయి గదా, ప్రకృతి సర్దుకుంటుంది అనేవారున్నారు. సర్దుకోవడం నిజమే. కాసియోపియా హవాయి దీవులకు, మధ్యధరా సముద్రానికి పరాయి జీవిగా వెళ్ళి స్థిరపడింది. మురుగుతో పోషకాలు ఎక్కువైన అఖాతాలు కూడ దానికి నచ్చుతాయి. కాని బ్రతికినదల్లా పోయినదాని స్థానాన్ని భర్తీ చేయలేదు. జెల్లీ చేప కోట కట్టదు. తుపాను అలను అడ్డగించదు. చేపల సంతతికి గూళ్ళు ఇవ్వదు. మరణించినప్పుడు రాయిని మిగల్చదు. తోట పోయిన చోట గడ్డి మొలిచిందని సంతోషించే రైతు ఎవడూ ఉండడు.

వేడిని తట్టుకునే నాచు జాతులు ఉన్నాయి, పగడాలు వాటిని స్వీకరిస్తాయి అన్నది మరొక వాదం. ఇందులోనూ సత్యం ఉంది. కాని అటువంటి నాచు తరచుగా ఆతిథ్య జీవికి తక్కువ ఆహారం ఇస్తుంది. పగడం పెరుగుదల మందగిస్తుంది. ఉపకారం ఉచితంగా రాదు. పైగా తట్టుకునే శక్తికీ ఒక హద్దు ఉంది. కాసియోపియాపై జరిగిన ప్రయోగాలలో తేలిన సంగతి ఇక్కడ గమనింపదగినది. పగటి వేడి ఎక్కువైనా రాత్రివేళ నీరు కొంత చల్లబడితే అది మెరుగుగా నిలదొక్కుకుంటుంది. అంత గట్టి జీవికి కూడ విరామం కావాలి. వేడెక్కుతున్న సముద్రం హరిస్తున్నది సరిగ్గా ఆ విరామాన్నే.

చేయదగినవి

ఫ్లారిడా తీరపు సముద్రజీవులు తమ మరణపు హద్దుకు కొద్ది డిగ్రీల దూరంలోనే బ్రతుకుతున్నాయని మొదట కొలిచి చెప్పినవారు ఈనాటివారు కారు. కార్నెగీ సంస్థ డ్రై టోర్టుగాస్‌లో నడిపిన పరిశోధనశాలకు అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ మేయర్ 1914లోనే ఆ సంగతి ప్రచురించారు. కాసియోపియా గొడుగు లయను, దాని నరాల ప్రసారాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించినదీ ఆయనే. ఆనాడు బురదలోని జెల్లీ చేప వలన ఏమి లాభమని అడిగి ఉంటే ఎవరూ సమాధానం చెప్పగలిగేవారు కారు. 1958లో గాలిలోని కార్బన్ డయాక్సైడును కొలవడం మొదలుపెట్టిన రసాయనశాస్త్రజ్ఞుడు చార్లెస్ కీలింగ్‌నూ అదే ప్రశ్న అడగవచ్చును. ఆనాడు పది లక్షల పాళ్ళలో సుమారు 315 ఉన్న ఆ వాయువు 2023 నాటికి 420 దాటిందని చెప్పగలగడం ఆ ఓపిక ఫలితమే. అటువంటి కొలతలు ఒక్క ఏడాది ఆగినా ఆ ఏడాది తిరిగి రాదు. 2025లో నోవా పరిశోధన విభాగాన్నే రద్దు చేయాలని బడ్జెటు ప్రతిపాదన వచ్చింది. పన్ను కట్టే పౌరులుగా, ఓటర్లుగా అమెరికాలోని తెలుగువారు ఇటువంటి విషయాలలో తమ ప్రతినిధులకు ఒక ఉత్తరం వ్రాయడం అనవసరపు పని కాదు.

కర్బన వాయువులను తగ్గించడం దేశాల పని. దాని ఫలం ఆలస్యంగా అందుతుంది. ఈలోగా వ్యవధిని కొనుక్కునే మార్గాలు కొన్ని ఉన్నాయి. మురుగునీటిలోని నత్రజని పగడాల సహనశక్తిని తగ్గిస్తుందని ఫ్లారిడాలోని పరిశోధనలు చూపాయి. కీస్ దీవులలో ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులకు బదులు శుద్ధికేంద్రాలు నిర్మించినది అందుకే. పచ్చిక బయళ్ళకు ఎరువు మితంగా వేయడం, మడ చెట్లను కాపాడడం ఇదే కోవలోనివి. 2023 వేసవిలో వేలాది పగడాలను సముద్రం నుండి తీసి ఒడ్డున తొట్లలో దాచినది కూడ ఒక విధంగా పగడానికి గాదె కట్టడమే. జెల్లీ చేపకు ప్రకృతి ఇచ్చినదానిని పగడానికి మనిషి కట్టి ఇవ్వవలసి వస్తున్నది.

సెలవులలో కీ వెస్ట్‌కు పయనించే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దారిలో మడ చెట్ల చెంత తేటనీరు కనిపించిన చోట ఆగి, బురద మీద వెల్లకిల పడుకున్న ఈ జీవులను పిల్లలకు చూపించడం మంచిది. ముట్టుకోనవసరం లేదు; వాటి జిగురులో విడివడి తేలే సూక్ష్మమైన కణపు ముద్దలే చర్మాన్ని మండిస్తాయని 2020లో తేలింది. గోధుమవన్నె నిండుగా ఉంటే అది ఆరోగ్యానికి గుర్తు, గాజువలె తెల్లబడి ఉంటే కష్టానికి గుర్తు అని చెబితే పిల్లలు వెంటనే గ్రహిస్తారు. ఇది ఇన్ని వేడి వేసవులను ఎలా దాటిందని వారు అడుగుతారు. దానికి కోలుకునే వ్యవధి దొరికింది గనుక అన్నదే సమాధానం. దిబ్బ మీది పగడాలకు ఆ వ్యవధి ఎందుకు దొరకలేదన్నది వారి తరువాతి ప్రశ్న. దానికి సమాధానం చెప్పవలసినవారు పెద్దలు.